రిక్వెస్ట్ ఐడీ: క్లౌడ్‌లో లాగ్‌లను జతపరచడం – చరిత్ర

వెబ్ అప్లికేషను పనిచేస్తూ రాసుకునే లాగ్ లైన్లలో ఏది ఎవరి రిక్వెస్టుకు చెందిందో తేల్చి ఒకచోట చేర్చడాన్ని లాగ్ కోరిలేషన్ అంటారు. రాజోలు మండలంలోని ఒక గ్రామ సచివాలయం నుంచి డిజిటల్ అసిస్టెంట్ ఆదాయ ధ్రువపత్రం దరఖాస్తు పంపారనుకుందాం. అలాంటి రిక్వెస్టు లోడ్ బ్యాలెన్సర్ దాటి అప్లికేషను సర్వరుకు చేరుతుంది. అక్కణ్నుంచి ఆధార్ ధ్రువీకరణకు, డేటాబేసుకు, చెల్లింపు గేట్‌వేకు వెళ్లి రావలసి ఉంటుంది. అదే సెకనులో అమలాపురం నుంచి, కొత్తపేట నుంచి ఇంకెన్నో వస్తుంటాయి. లాగ్‌లో ‘10:42:07.318 గేట్‌వే జవాబివ్వలేదు’ అని ఒక లైను, దాని కిందే ‘10:42:07.321 రసీదు జారీ అయింది’ అని మరొకటి ఉంటే, ఆగిపోయింది ఎవరి దరఖాస్తు? రసీదు ఎవరిది? ఆ లైన్లను ఎంతసేపు చూసినా తేలదు. గుమ్మం దగ్గరే ఒక నంబరు, అంటే రిక్వెస్ట్ ఐడీ, పడి అది చివరి చెయ్యి దాకా మారకుండా వెళ్తేనే తేలుతుంది. ఈ రంగం నలభై ఏళ్ల అనుభవం చెప్పేది అదే.

ఈ సూత్రం కోనసీమ కార్యాలయాలకు కంప్యూటర్లతో పాటు వచ్చింది కాదు. తూర్పు గోదావరి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో స్థిరపడిన టాటెన్‌హామ్ పద్ధతిలో, రెవెన్యూ కార్యాలయానికి వచ్చిన తపాలుకు కరెంటు నంబరు వేస్తారు. ఆ విషయంపై నడిచే నోట్ ఫైలు, కరెంటు ఫైలు రెండూ ఆ నంబరు కిందే ఉంటాయి. పని ముగిశాక శాశ్వతంగా దాచవలసింది ఆర్.డిస్., ఏడాది దాచితే చాలన్నది ఎల్.డిస్. అవుతుంది. ఏ లాగ్ ఎన్నాళ్లు దాచాలన్న నేటి చర్చకు అక్కడ ఎప్పుడో జవాబు రాసిపెట్టారు. బ్యాంకులూ వెబ్ కంటే ముందే మేలుకున్నాయి. 1987లో వెలువడిన ఐఎస్ఓ 8583 ప్రమాణంలోనే లావాదేవీని వెతికి పట్టుకోవడానికి 12 అక్షరాల రిఫరెన్సు సంఖ్యకు చోటు కేటాయించారు. అంబాజీపేట కొబ్బరి వ్యాపారి ఫోనులో యూపీఐ చెల్లింపు కింద కనిపించే 12 అంకెల సంఖ్య ఆ సంప్రదాయానిదే.

వెబ్ మాత్రం ఆలస్యంగా నేర్చుకుంది. 1980ల మొదట్లో బర్క్‌లీలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ కోసం రాసిన సిస్‌లాగ్‌లో సమయం, యంత్రం పేరు, సందేశం ఉంటే సరిపోయేది. ఒకే యంత్రం, కొద్దిపాటి రద్దీ అయితే సమయాన్ని బట్టి పోల్చుకోవచ్చు. ఒకే ప్రాసెస్ ఏకకాలంలో వందల రిక్వెస్టులు మోయడం మొదలయ్యాక లైన్లు కలగలిసిపోయాయి. లైను రాసే కోడుకు తాను ఎవరి పని చేస్తున్నదో గుర్తుండేలా ‘డయాగ్నస్టిక్ కాంటెక్స్ట్’ జతచేయాలని నీల్ హారిసన్ 1997లో ప్రతిపాదించారు. జావాలో లాగ్4జే దాన్ని ఆచరణలోకి తెచ్చింది. అపాచీ 1.3లో ప్రతి రిక్వెస్టుకూ విశిష్ట సంఖ్య ఇచ్చే మాడ్యూల్ ఉంది. 2012 జనవరిలో వచ్చిన రైల్స్ 3.2 రిక్వెస్ట్ ఐడీని ఫ్రేమ్‌వర్కులోనే చేర్చి, లాగ్ లైను ముందు దాన్ని ముద్రించే వీలు కల్పించింది.

క్లౌడ్ ఈ సమస్యను ఒకసారి దాచిపెట్టి, మళ్లీ బయటపెట్టింది. 2008 ఏప్రిల్‌లో వచ్చిన గూగుల్ యాప్ ఇంజిన్‌లో రిక్వెస్టు లాగ్‌ను తెరిస్తే ఆ రిక్వెస్టు సమయంలో అప్లికేషను రాసిన లైన్లన్నీ దాని కిందే కనిపించేవి. ప్లాట్‌ఫారమే జతపరిచేది కాబట్టి డెవలపర్లకు ఆ శ్రమ తెలియలేదు. 2018లో పైథాన్ 3.7 వంటి రెండో తరం రన్‌టైమ్‌లు వచ్చాక రిక్వెస్టు లాగ్ ఒక దారిన, అప్లికేషను లైన్లు మరో దారిన చేరసాగాయి. ఎక్స్-క్లౌడ్-ట్రేస్-కాంటెక్స్ట్ హెడర్‌లోని ట్రేస్ ఐడీని తీసి ప్రతి లైనుకూ తగిలించడం అప్లికేషను బాధ్యత అయింది. అనేక సర్వీసుల గుండా వెళ్లే రిక్వెస్టును వెంబడించే మార్గాన్ని గూగుల్ 2010లో డాపర్ పత్రంలో వివరించింది. ట్విటర్ 2012లో అదే తరహా జిప్‌కిన్‌ను ఓపెన్ సోర్సుగా విడుదల చేసింది. కంపెనీకొక హెడర్ అన్న గందరగోళానికి తెరదించేందుకు 2020 ఫిబ్రవరిలో డబ్ల్యూ3సీ ట్రేస్ కాంటెక్స్ట్ ప్రమాణం వచ్చింది. అందులో ట్రేస్ ఐడీ 32 హెక్సా అంకెలు. సొంత క్లౌడ్ హద్దు దాటినా గొలుసు తెగనక్కర్లేదు. ఆధార్ ధ్రువీకరణ ఏపీఐలో అడిగిన సంస్థ పంపిన లావాదేవీ సంఖ్య జవాబులో యథాతథంగా తిరిగి వస్తుంది.

సమయం, యూజర్ ఐడీ ఉంటే చాలదా అన్నది మొదటి అభ్యంతరం. చాలదు. యంత్రాల గడియారాల మధ్య కొన్ని మిల్లీసెకన్ల తేడా మామూలే. ఒకే యూజర్ బటన్ రెండుసార్లు నొక్కితే రెండు రిక్వెస్టులు పుడతాయి. ప్రతి రిక్వెస్టునూ వెంబడిస్తే ఖర్చు పెరుగుతుందన్న అభ్యంతరంలో కొంత నిజముంది. డాపర్ తొలి రూపమే సగటున 1,024లో ఒక రిక్వెస్టును మాత్రం ట్రేస్ చేసేది. అయితే ట్రేస్ వివరాలన్నీ దాచడం వేరు, లైనులో ఐడీ రాయడం వేరు. శాంపిల్‌లోకి రాని రిక్వెస్టుకూ ఐడీ ఉండాలి. విఫలమైన దరఖాస్తు ఆ శాంపిల్‌లోనే పడుతుందన్న హామీ లేదు. బయటి నుంచి వచ్చిన ఐడీని నమ్మవచ్చా అన్నది మరింత బరువైన ప్రశ్న. రిక్వెస్టులోని విలువను లాగ్‌లో రాయడమే దాడికి దారి కావచ్చని 2021 డిసెంబరులో బయటపడిన లాగ్4షెల్ లోపం చూపింది. కనుక బయటి ఐడీ పొడవు, అక్షరాలు తనిఖీ చేయాలి, లేదా గుమ్మం దగ్గరే కొత్తది వేయాలి. ఐడీలో ఆధార్, ఫోన్ నంబర్ల జాడ ఉండకూడదు. యాదృచ్ఛిక సంఖ్యే కావాలి. ఐడీ ఉంటే ఒక వ్యక్తి కదలికలన్నీ జతపడతాయన్న భయం కూడా సహేతుకమే. దానికి మందు లాగ్‌లు చూసే హక్కుకు, దాచే గడువుకు హద్దు పెట్టడం. దేశ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి, గడియారాలు ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ సమయంతో కలవాలి. దాచిన లాగ్‌లో ఐడీ లేకపోతే ఆ 180 రోజుల నిల్వలో వెతుకులాట వ్యర్థ ప్రయాసే.

గ్రామ సచివాలయ వ్యవస్థ 2019 అక్టోబరు 2న తూర్పు గోదావరి జిల్లా కరపలోనే ప్రారంభమైంది. 2022 ఏప్రిల్ 4న అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడింది. 2025 జనవరి 30న మన మిత్ర ద్వారా 161 సేవలు వాట్సాప్‌లోకి వచ్చాయి. ఇలాంటి సేవల్లో పౌరుడికి అందేది దరఖాస్తు నంబరు. అది కరెంటు నంబరుకు వారసురాలే కానీ, ఒక దరఖాస్తు వెనుక ఎన్నో రిక్వెస్టులు ఉంటాయి. దరఖాస్తు పుట్టకముందే రిక్వెస్టు విఫలమైతే పౌరుడి చేతిలో ఏ నంబరూ ఉండదు. అందుకే ప్రజాసేవల సాఫ్ట్‌వేరు రాసేవారు రిక్వెస్ట్ ఐడీని లాగ్‌లో దాచి ఊరుకోకుండా, లోపం వచ్చిన తెరమీద కూడా చూపించాలి. అది కనిపించినప్పుడు మీరు ఫొటో తీసి ఫిర్యాదుకు జతచేయండి.