వెలుగు వెల

రజతోత్సవ సంచికకు చరిత్ర విషయమేదైన వ్రాయుమని మన గ్రంథాలయ కార్యవర్గము వారు కోరినపుడు, నేను రాజుల కథయో కోటల కథయో వ్రాయుదునని వారు తలచియుందురు. లెక్కలు వ్రాయుట నా వృత్తి. కావ్యములు చదువుట గురువు లేకయే నేను అలవరచుకొన్న వ్యసనము. ఈ రెంటికిని రాత్రివేళ కావలసినది దీపము. కావున దీపము చరిత్రనే వ్రాయుచున్నాను. ఇది ఇల్లిల్లును ఎరిగిన వస్తువే. అయినను దాని వెలను మనము చాలకాలము తప్పుగా లెక్కించితిమి. ఆ తప్పు చేసినవారిలో నేనొకడను.

మన పూర్వుల యిండ్లలో ఆముదపు ప్రమిద వెలిగెను. అడవి పల్లెలలో ఇప్పగింజల నూనెయు దీపమునకు వాడిరి. సంస్కృతమున ‘స్నేహము’ అనగా నూనె, ప్రేమ అని రెండర్థములు. ‘దశ’ యనగా వత్తి, జీవితపు స్థితి అని రెండర్థములు. ఈ రెండు మాటలతో మన కవులు దీపముమీద ఎన్నియో శ్లేషలు కూర్చిరి. తరువాత గ్యాసునూనె వచ్చెను. పేదయింట ఎక్కయు, కలిగినయింట కందిలియు వెలిగెను. ఎక్క పొగకు గోడలు నల్లబడెను, చదువుకొను పిల్లల కన్నులు మండెను. అయినను చౌక దీపమను పేరు దానికే నిలిచెను.

అది నిజముగా చౌకయా? వెలుగును కొలుచుటకు ల్యూమెన్ అను కొలత కలదు. ఒక కొవ్వొత్తి సుమారు 12 ల్యూమెన్ల వెలుగునిచ్చును. మంచి కందిలి సుమారు 50 ల్యూమెన్లు, అనగా నాలుగు కొవ్వొత్తులపాటి వెలుగునిచ్చును. అట్టి కందిలిలో లీటరు నూనె నలుబది గంటలు మండుననుకొందము. ఆ లీటరు నూనెలో దాగియున్న శక్తి సుమారు 10 యూనిట్ల విద్యుత్తునకు సమానము. నేటి 9 వాట్ల ఎల్‌ఇడి దీపము అదే నలుబది గంటలు వెలిగినచో అర యూనిటైనను కాదు. వెలుగు మాత్రము పదునెనిమిది రెట్లు వచ్చును. కొద్దికొద్దిగా నూనె కొనుక్కొను పేదవాడే వెలుగునకు అందరికంటె ఎక్కువ వెల చెల్లించెనన్నమాట. దీపముల చరిత్రలో నన్ను మిక్కిలి బాధించు సత్యమిదియే.

ఇక విద్యుద్దీపము. ఇంగ్లండులో స్వాన్, అమెరికాలో ఎడిసన్ 1879 ప్రాంతమున బొగ్గుతీగె దీపమును వెలిగించిరి. 1904లో టంగ్‌స్టన్ లోహపు తీగె వచ్చెను. 1910 నాటికి అమెరికాలో కూలిడ్జ్ ఆ పెళుసు లోహమును సాగదీయు ఉపాయము కనుగొనెను. 1913లో లాంగ్‌మ్యూర్ బుగ్గలో వాయువు నింపి తీగె త్వరగా హరించిపోకుండ చేసెను. మనము ఎరిగిన కరెంటు బుగ్గ ఇట్లు తయారయ్యెను. 1924లో జినీవాలో పెద్ద దీపముల కంపెనీలు ఫీబస్ అను కూటమిగా ఏర్పడి, బుగ్గ ఆయుర్దాయమును వేయి గంటలకు మించనీయరాదని కట్టడి చేసికొనెను. ఎక్కువకాలము వెలిగిన బుగ్గ ఎక్కువగా అమ్ముడుపోదు గదా! రెండవ ప్రపంచ యుద్ధముతో ఆ కూటమి చెదరెను గాని, వేయి గంటల ఆయుర్దాయము మాత్రము మామూలు బుగ్గకు అట్లే నిలిచిపోయెను.

హైదరాబాదు సంస్థానమున 1910లో విద్యుచ్ఛాఖ ఏర్పడెను. అయినను ఆ వెలుగు నగరములను దాటి పల్లెలకు వచ్చుటకు చాలకాలము పట్టెను. 1959లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు, 1969లో దేశమంతటికిని గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వెలసెను. 1970లో మన పొరుగుననున్న సిరిసిల్లలో ప్రజలే సభ్యులుగా విద్యుత్ సహకార సంఘము పనిచేయ మొదలిడెను. 1983లో రామగుండమున జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ తొలి యూనిటు నడచెను. అచ్చట మండునది మన గోదావరి తీరపు సింగరేణి బొగ్గే. ఆ బొగ్గులోని శక్తిలో మూడవ వంతు మాత్రమే విద్యుత్తగును. తీగెలలో కొంత పోవును. తీగె బుగ్గకు చేరినదానిలో నూటికి అయిదు పాళ్ళే వెలుగై, తక్కినదంతయు వేడియగును. అనగా గనిలోని కార్మికుడు చెమటోడ్చి తీసిన నూరు పాళ్ళ బొగ్గులో ఒకటిన్నర పాలు మాత్రమే మన పుస్తకముపై వెలుగై పడినది.

ఇపుడు మన గ్రంథాలయపు కథ. తొలి యేండ్లలో మన రెండు గదులలో 60 వాట్ల బుగ్గలు ఎనిమిది వెలిగెను. ఒక సంవత్సరము కరెంటు బిల్లులు పేరుకొని, చందాలు చాలక, దీపములు పెట్టువేళకే తలుపులు మూయవలెనను మాట పుట్టెను. పత్తిచేలలో పనిచేయు చందాదారుడొకడు సమావేశమున లేచి, “పొద్దంత చేన్లనే ఉంటం గద సారూ, రాత్రి మూస్తే ఇగ మాకు ఈ గ్రంథాలయమెందుకు?” అని అడిగెను. సభ్యుడొకరు సిఎఫ్‌ఎల్ దీపములు కొనుడని సూచించిరి. జమాఖర్చులు నా చేతిలో నుండెను. పదునైదు రూపాయల బుగ్గ యుండగా నూటముప్పది రూపాయల దీపమెందుకని నేనే అడ్డుపడితిని. నా మాటయే చెల్లెను. ఆ చలికాలమంతయు మన తలుపులు పొద్దుగూకగనే మూతపడెను. హాజరు పుస్తకమున సంతకములు లేని ఆ పుటలు నేటికిని ఉన్నవి. వాటిని చూచినపుడెల్ల నాకు సిగ్గు కలుగును.

ఒక రాత్రి ఇంటివద్ద కూర్చుండి, చేయవలసిన లెక్కను ఆలస్యముగా చేసితిని. వేయి వాట్లు ఒక గంట వెలిగిన ఒక యూనిటు. మన ఎనిమిది బుగ్గలు 480 వాట్లు. రోజునకు నాలుగు గంటల చొప్పున నెలకు 57.6 యూనిట్లు. అదే వెలుగునిచ్చు 14 వాట్ల సిఎఫ్‌ఎల్ దీపములు ఎనిమిదింటికి 13.44 యూనిట్లే. యూనిటు వెల శ్లాబునుబట్టి మారును. గుణించుటకు సులువుగా అయిదు రూపాయలనుకొన్నచో, నెలకు సుమారు 220 రూపాయలు మిగులును. ఎనిమిది దీపముల వెల 1,040 రూపాయలు అయిదు నెలలలోనే తిరిగివచ్చును. మరుసటి సమావేశమున నా తప్పు నేనే చెప్పుకొంటిని. దీపములు మారెను, రాత్రి తలుపులు మరల తెరచుకొనెను.

ఆ కాలముననే దేశమును ఈ లెక్కను నేర్చుకొనుచుండెను. సిఎఫ్‌ఎల్ దీపమును మామూలు బుగ్గ వెలకే ఇంటింటికి ఇచ్చు బచత్ లాంప్ యోజన 2009లో వచ్చెను. అంతలో ఎల్‌ఇడి వచ్చెను. నీలి కాంతినిచ్చు ఎల్‌ఇడిని సాధించి తెల్లని వెలుగునకు దారి చూపిన అకసాకి, అమానో, నకమురా అను జపానులో జన్మించిన శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమతి లభించెను. 2015 జనవరిలో కేంద్ర ప్రభుత్వము ఉజాలా పథకమును ప్రారంభించెను. కోట్ల దీపములను ఒక్కమారుగా కొన్నందున, 2014లో 310 రూపాయలకు కొన్న దీపము రెండు మూడేండ్లలో నలుబది రూపాయల లోపునకు దిగెను. విడివిడిగా బేరమాడలేని పేదలకు కలిసి కొనుటలో నున్న బలమెట్టిదో దీనివలన తెలియును.

ఇంటి యజమానులు చూచుకొనుటకు ఒక లెక్క వ్రాయుచున్నాను. రోజునకు అయిదు గంటల చొప్పున అయిదేండ్లు, యూనిటు అయిదు రూపాయలు. 60 వాట్ల బుగ్గ అయిదేండ్లలో 547 యూనిట్లు త్రాగును. పది బుగ్గల వెల 150 రూపాయలు కలుపగా ఖర్చు సుమారు 2,890 రూపాయలు. 14 వాట్ల సిఎఫ్‌ఎల్‌కు 128 యూనిట్లు. రెండు దీపముల వెలతో సుమారు 900 రూపాయలు. 9 వాట్ల ఎల్‌ఇడికి 82 యూనిట్లు. దీపము నూరు రూపాయలనుకొన్నను మొత్తము 510 రూపాయలే. పాత ట్యూబులైటును చులకన చేయరాదు. అది చోకుతో కలిసి 52 వాట్లు తీసికొన్నను మూడు బుగ్గల వెలుగునిచ్చెను. కనుక పొదుపున అది సిఎఫ్‌ఎల్‌కు ఇంచుమించు సాటియే.

కొన్ని జాగ్రత్తలు గలవు. దీపమును వాట్లు చూచి కొనరాదు, డబ్బామీద ల్యూమెన్లు చూడవలెను. 9 వాట్లకు 900 ల్యూమెన్లున్న అది మేలైనది. ఎల్‌ఇడి పాతికవేల గంటలు వెలుగునని వ్రాసినను, వోల్టేజి హెచ్చుతగ్గులకు లోపలి సర్క్యూటు ముందే చెడుట కలదు. కావున రశీదు దాచి, హామీ గడువులో మార్పించుకొనవలెను. సిఎఫ్‌ఎల్‌లో పాదరసముండును. పగిలినచో కిటికీలు తెరచి, ముక్కలను వట్టిచేత ముట్టక తీయవలెను. వెల తగ్గినదని పగలంతయు దీపములు వెలిగించినచో పొదుపంతయు వ్యర్థమగును. ఆర్పిన దీపముకంటె చౌకైన దీపము లేదు.

నేడు మన ఎనిమిది ఎల్‌ఇడి దీపములు నెలకు తొమ్మిది యూనిట్లైనను వాడుటలేదు. తొలినాటితో పోల్చిన ఏటికి సుమారు 2,900 రూపాయలు మిగులుచున్నవి. నూరు రూపాయల పుస్తకములైన ఇరువది తొమ్మిది. ఆ కొత్త పుస్తకములను పొద్దుగూకిన తరువాత చేలనుండి వచ్చి చదువువారున్నారు. ఈ దీపములలో స్నేహము లేదు, దశ లేదు. స్నేహమును పోయవలసినవారము, మన గ్రంథాలయపు దశను కాపాడవలసినవారము చందాదారులమైన మనమే.