చప్పుడునకు కొలత దొరికిన విధము

సద్దు, సవ్వడి, చప్పుడు, మోత, రొద, హోరు - ధ్వనిని గూర్చి మన భాషలో గల మాటలలో ఇవి కొన్ని మాత్రమే. సవ్వడి మెల్లనిది, మోత గట్టిది; ఇంతవరకు ఇది కొలత వంటిదే. కాని రొద అన్నప్పుడు వినువాని విసుగు కూడ అందులో చేరినది. హోరు అన్నమాట గాలికి, వానకు, సముద్రమునకు చెల్లును గాని గుడిగంటకు చెల్లదు. ధ్వని బలము, శ్రుతి, వినువాని చెవి - ఈ మూడింటిని భాష కలిపియే ఉంచినది. వానిని విడదీయుటకు శాస్త్రమునకు చాలకాలము పట్టినది.

ఉద్దీపనము రెట్లుగా పెరిగినప్పుడు అనుభూతి మెట్లుగా మాత్రమే పెరుగునని 1860లో జర్మనీ దేశపు ఫెక్నర్ ప్రతిపాదించెను. ఇది సంవర్గమాన సంబంధము. అయినను కొలబద్ద అవసరము గట్టిగా కలిగినది టెలిఫోను ఇంజనీర్లకు. తీగ పొడవైనకొలది మాట సన్నగిల్లును. ఆ నష్టమును వారు “ప్రమాణపు తీగ ఇన్ని మైళ్లు” అని చెప్పుకొనెడివారు. ధ్వనిని మైళ్లలో కొలుచుట వింతగా తోచును గాని, కొంతకాలము పని జరిగినది. అయితే తీగలోని నష్టము పౌనఃపున్యమును బట్టి మారుచుండును. అందుచే 1920ల నడుమ అమెరికాలోని బెల్ సంస్థవారు సంవర్గమానముపై ఆధారపడిన ప్రమాణమును తెచ్చి, 1928లో అలెగ్జాండర్ గ్రాహంబెల్ పేర దానిని డెసిబెల్ అనిరి. శక్తి రెండు రెట్లయినచో సుమారు 3 డెసిబెల్లు, పది రెట్లయినచో 10, నూరు రెట్లయినచో 20 పెరుగును.

మరుసటి యేడే కొలబద్ద వీధికెక్కినది. 1929లో న్యూయార్కు నగరము రొద నివారణకై ఒక సంఘమును నియమించెను. పరికరములు గల లారీ వీధులు తిరిగినది. పత్రికలలో ప్రశ్నావళి వేయగా వేలకొలది ఫిర్యాదులు వచ్చినవి.

కాని డెసిబెల్ తెలుపునది ధ్వని బలమునే గాని చెవికి తోచు గట్టితనమును కాదు. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనువారు సెకనుకు 1,000 కంపనములు గల ధ్వనితో ఇతర ధ్వనులను పోల్చి వినిపించి, మెల్లని మంద్రధ్వనులకు మన చెవి మిక్కిలి మందమనియు, ధ్వని బలమైనకొలది ఈ భేదము తగ్గుననియు చూపిరి. 1936లో స్టీవెన్స్ గట్టితనమునకే ‘సోన్’ అను ప్రమాణమును సూచించెను. 10 డెసిబెల్లు పెరిగినచో గట్టితనము రెండింతలుగా తోచునని తరువాతి ప్రయోగములు తెలిపినవి. అనగా ఒక డోలు చెంత మరి తొమ్మిది డోళ్లు చేరినను చెవికి సుమారు రెండింతలే!

చెవి మందమును అనుకరించుటకు కొలత యంత్రములలో ‘ఏ’ తూనికను చేర్చిరి. చిక్కు ఇక్కడనే యున్నది. ఆ తూనిక మెల్లని ధ్వనులను బట్టి ఏర్పడినది. 50 కంపనముల ధ్వని నుండి 30 డెసిబెల్లు తీసివేయును. మన దేశమున 2000 సంవత్సరపు నియమములు నివాస ప్రాంతమునకు విధించిన పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు ఈ తూనికవే. ఊరేగింపులోని డీజే పెట్టెనుండి 50 కంపనముల ధ్వని 110 డెసిబెల్లు వచ్చినచో యంత్రము 80 మాత్రమే చూపును. అంత బలమైన ధ్వనియందు చెవి చేయు తగ్గింపు అంతకంటె చాల తక్కువ. కిటికీలు అదరినను అంకె సాధువుగా కనిపించును.

ఇట్టి పెట్టెల కొలతకు ఆ తూనిక ఒక్కటే చాలదని నా అభిప్రాయము. యంత్రములలో ‘సి’ తూనిక కూడ కలదు. అది 50 కంపనముల వద్ద ఒకటి రెండు డెసిబెల్లకు మించి తగ్గింపదు. ఒకేచోట రెండు తూనికలతోను కొలిచినప్పుడు అంకెల నడుమ భేదము హెచ్చుగా నున్నచో, అచట మంద్రధ్వని అధికముగా నున్నదని తెలియును.