‘1800’కు ఫోన్ చేస్తే పైకమెవరిది?
నంబరు ముందున్న అంకెల్లోనే అసలు సంగతి

పంటకు తెగులు సోకితే సలహా చెప్పేవారున్నారు. ఒక్క ఫోన్ చేస్తే చాలు. అయినా డబ్బులు పోతాయేమోనని వెనుకాడే రైతులు పల్లెల్లో నేటికీ ఉన్నారు. మరోవైపు, ఉచిత నంబరేనని నమ్మి ముక్కూమొహం తెలియనివారికి ఫోన్ చేసి, బ్యాంకు ఖాతా ఖాళీ చేసుకుంటున్నవారూ ఉన్నారు. రెండింటికీ మూలం ఒక్కటే. నంబరు ముందుండే అంకెలు ఏం చెబుతాయో తెలియకపోవడమే. కాల్ ఎక్కడికి వెళుతుందో, ఛార్జీ ఎవరు భరిస్తారో తెలిపేవి ఆ అంకెలే.

ఎస్‌టీడీ కోడ్ లెక్క ఇదీ..

ఆపరేటర్ సాయం లేకుండా దూరప్రాంతానికి నేరుగా డయల్ చేసుకునే ఎస్‌టీడీ సౌకర్యం మన దేశంలో 1960లో కాన్పూర్, లక్నోల మధ్య మొదలైంది. ఆ కాల్ ఏ ఊరి ఎక్స్ఛేంజీకి వెళ్లాలో తెలిపేదే ఎస్‌టీడీ కోడ్. హైదరాబాద్‌కు 040, విజయవాడకు 0866, కర్నూలుకు 08518.

ముందున్న సున్నా కోడ్‌లో భాగం కాదు. ‘ఇది వేరే ప్రాంతపు కాల్’ అని ఎక్స్ఛేంజీకి చెప్పే సంకేతం మాత్రమే. సున్నాను తీసేస్తే కోడ్, స్థానిక నంబరు కలిపి పది అంకెలవుతాయి. హైదరాబాద్‌లో కోడ్ 2 అంకెలు, నంబరు 8 అంకెలు. విజయవాడలో 3, 7. కర్నూలులో 4, 6. నగరం పెద్దదైతే కనెక్షన్లు ఎక్కువ కావాలి. అందుకే అక్కడ కోడ్ చిన్నది, నంబరు పెద్దది.

ఈ కోడ్‌ల హద్దులు టెలికం శాఖ గీసుకున్నవి. రెవెన్యూ జిల్లాలతో వాటికి ముడి లేదు. 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినా పాత కోడ్‌లే కొనసాగడానికి కారణమిదే. విదేశాల్లోని పిల్లలు ఇంటి ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేయాలంటే సున్నాను వదిలి, ప్లస్ 91 తర్వాత కోడ్, నంబరు నొక్కాలి. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా చేర్చడం 2021 జనవరి 15 నుంచి తప్పనిసరైంది.

ఊరు లేని నంబరు

టోల్‌ఫ్రీ నంబరుకు ఊరంటూ ఉండదు. 1800తో మొదలయ్యే నంబరు నొక్కగానే టెలికం సంస్థ కంప్యూటరు తన పట్టికలో వెతుకుతుంది. దాని వెనుకనున్న అసలు ఫోన్ నంబరేదో చూసి కాల్‌ను అక్కడికి మళ్లిస్తుంది. పగలు ఒక కేంద్రానికి, రాత్రి మరో కేంద్రానికి పంపే వీలూ ఉంది. ఛార్జీ మాత్రం నంబరు తీసుకున్న సంస్థ ఖాతాలో పడుతుంది. అమెరికాలో 1967లో 800 నంబర్లతో వచ్చిన పద్ధతి ఇదే. అయితే మన 1800 నంబర్లు విదేశాల నుంచి సాధారణంగా కలవవు.

1860 అంకెలను చూసి 1800 అని పొరబడరాదు. 1860కి చేస్తే ఛార్జీ చేసినవారిదే.

2004 జనవరి 21న ప్రారంభమైన కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551. ఉదయం 6 నుంచి రాత్రి 10 గంటల వరకు పనిచేస్తుంది. తెలుగులోనే సలహాలిస్తారు. రైతుకు పైసా ఖర్చుండదు.

మోసం ఎక్కడుందంటే..

ఇంటర్నెట్‌లో వెతికితే ‘కస్టమర్ కేర్’ పేరిట పదంకెల మొబైల్ నంబర్లు కనిపిస్తాయి. మోసగాళ్లు వల పన్నేది ఇక్కడే. బ్యాంకు నంబరును పాస్‌పుస్తకం మీదో, ఏటీఎం కార్డు వెనుకో చూసుకోవడం మేలు. బ్యాంకుల వంటి ఆర్థిక సంస్థలు ఖాతాదారులకు చేసే కాల్స్ కోసం 2024లో 1600 వరుస కేటాయించారు. ప్రచార కాల్స్‌కు 140 వరుస ఉంది. ఏ నంబరు నుంచి వచ్చినా సరే, ఓటీపీ, పిన్ అడిగితే చెప్పరాదు.

పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. సొమ్ము చేతులు మారేలోపు ఫిర్యాదు అందితే దాన్ని నిలిపివేసే అవకాశముంటుంది.

గుర్తుంచుకోండి..
* 1800: ఛార్జీ సంస్థదే
* 1860: ఛార్జీ మనదే
* 1930: సైబర్ మోసాలపై ఫిర్యాదు
* 108: అంబులెన్స్
* 112: పోలీసు సహా అన్ని అత్యవసర సేవలు