చంద్రోదయం కోసం ఆగిన నేవిగేటరు

1942 ఏప్రిల్ 4, శనివారం. ఇంకా తెల్లవారలేదు. సిలోను దక్షిణ తీరాన కొగ్గల సరస్సు మీంచి ఒక కాటలీనా లేచింది. నీళ్ల మీద వాలే గస్తీ బాంబరు అది. లోపల తొమ్మిది మంది. నడిపేది స్క్వాడ్రన్ లీడర్ లియొనార్డ్ బర్చాల్, దారి చెప్పేది వారంట్ ఆఫీసర్ ఆనియెట్. ఇద్దరూ కెనడా వాళ్లు, తక్కినవాళ్లు బ్రిటిష్ వాయుసేన మనుషులు. బర్చాల్ సిలోను చేరి రెండు రోజులే అయింది. అంతకుముందు వాళ్ల దళం షెట్లాండ్ దీవుల చలిలో కాపు కాసేది.

సముద్రం మీద ఎగిరేవాడికి మైలురాళ్లుండవు. దిక్సూచి చూపే దిక్కు, విమానం వేగం, గాలి పక్కకు తోసే మేర, ఈ మూడూ లెక్కగట్టి పటం మీద పెన్సిలుతో గీత గీయాలి. గంటలు గడిచేకొద్దీ ఆ లెక్కలో చిన్న పొరపాటు మైళ్లకు మైళ్లు పెరుగుతుంది. చుక్కో చంద్రుడో కనిపిస్తే సెక్స్‌టెంటుతో ఎత్తు కొలిచి గీతను సరిచేసుకోవాలి. ఆనియెట్ ఉద్యోగం అదే.

పొద్దు వాలుతోంది. చెప్పిన గస్తీ పూర్తయింది. కానీ చీకట్లో సరస్సు మీద దిగే వీల్లేదు, ఎలాగూ తెల్లవారేదాకా ఆకాశంలోనే గడపాలి. అలాంటప్పుడు చంద్రోదయం దాకా ఇక్కడే తిరిగితే మనం ఎక్కడున్నామో ఖాయంగా తేలుతుందని ఆనియెట్ సూచించాడు. చైత్ర పౌర్ణమి వెళ్లి మూడు రోజులు, చంద్రుడు రావడానికి ఇంకా చాలా పొద్దుంది. సరేనని బర్చాల్ మరో దఫా దక్షిణానికి సాగాడు.

దూరాన నీటి అంచు మీద ఒక మచ్చ. దగ్గరకు పోయేకొద్దీ మచ్చలు పెరిగాయి. నాలుగు నెలల కిందట పెర్ల్ హార్బర్‌ను తగలబెట్టిన జపాన్ అడ్మిరల్ నగుమో నౌకాదళం అది! అందులో విమానవాహక నౌకలే ఐదు. రేడియో ఆపరేటరు కొలంబోకు సందేశం కొట్టడం మొదలుపెట్టాడు. ఎక్కడ, ఎటువైపు, ఎంత వేగం. ‘ఎక్కడ’ అన్నదానికి జవాబు ఆనియెట్ గీసిన గీతే. ఈలోగా జీరో ఫైటర్లు మీద పడ్డాయి. సందేశం మధ్యలో తెగింది, మంటలంటుకుని కాటలీనా నీళ్లలో కూలింది. ఒకడు విమానంతోనే మునిగాడు. నీళ్లలో పడ్డవాళ్ల మీద కూడా గుళ్లు కురిశాయి. తీవ్రంగా గాయపడి, లైఫ్ జాకెట్లతో తేలుతున్న ఇద్దరు నీటిలోకి మునిగి గుళ్లను తప్పించుకోలేక చనిపోయారు. మిగిలిన ఆరుగురినీ జపాన్ డిస్ట్రాయరు పైకి లాగింది. వార్త పంపలేదని బర్చాల్ ఎంత బుకాయించినా దెబ్బలు తప్పలేదు. తర్వాత యుద్ధఖైదు.

ఆ రాత్రికి రాత్రే కొలంబో హార్బరులోంచి చాలా ఓడలు బయటికి వెళ్లిపోయాయి. మర్నాడు ఈస్టర్ ఆదివారం బాంబులు పడేసరికి అందులో ఓడలు ముందటికంటే తక్కువే. ‘సిలోను రక్షకుడు’ అన్న బిరుదు బర్చాల్‌కు దక్కింది. పైలట్లకు దక్కేంత పేరు నేవిగేటర్లకు ఎప్పుడూ దక్కదు. నన్నడిగితే ఆ బిరుదులో సగం ఆనియెట్‌ది.

మరి మన తీరం? నగుమో సిలోను మీద ఉండగా, ఒజావా అనే మరో అడ్మిరల్ ర్యుజో అనే విమానవాహక నౌకతోనూ క్రూయిజర్లతోనూ బంగాళాఖాతంలోకి చొరబడ్డాడు. తూర్పు తీరాన్ని కాయడానికి అప్పుడున్నవి ప్రధానంగా కోస్ట్ డిఫెన్స్ ఫ్లైట్ల పాతబడ్డ విమానాలు. ఏప్రిల్ 6, సోమవారం, ర్యుజో విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఊళ్లకు జరిగిన నష్టం తక్కువే. అసలు దెబ్బ సముద్రంలో తగిలింది. కొద్ది రోజుల్లోనే ఇరవైకి పైగా సరుకు ఓడలు, లక్ష టన్నులు దాటినవి, మునిగిపోయాయి. కొలంబోకు ముందురోజు అందిన కబురు లాంటిది ఆ ఓడలకు అంది ఉంటే కొన్నయినా రేవుల్లోకి మళ్లేవి కదా.

కోనసీమకు కాకినాడ ఎంత దూరం? గౌతమి దాటితే కోటిపల్లి, అక్కణ్నుంచి కాకినాడ. 1928లో వేసిన కాకినాడ–కోటిపల్లి రైలు పట్టాలను 1940లోనే యుద్ధం కోసమని ఊడబీక్కుపోయారు. అంటే బాంబు కంటే ముందే యుద్ధం మన గడప తొక్కింది. ఆ లైను మళ్లీ పడి రైలు నడిచేసరికి 2004 వచ్చింది. భయం ఆ సోమవారంతో పోలేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాల్తేరు వదిలి గుంటూరుకు తరలిపోయి, 1946 దాకా తిరిగి రాలేదు.

మళ్లీ సిలోను వైపు చూస్తే, ఏప్రిల్ 9న నగుమో దళాన్ని వెతుక్కుంటూ బ్రిటిష్ వాయుసేన 11వ స్క్వాడ్రన్ బ్లెన్‌హైమ్ బాంబర్లు తొమ్మిది వెళ్లాయి. నేవిగేటర్లు ఓడల్ని సరిగ్గానే పట్టుకున్నారు. బాంబులు అకాగి నౌక పక్కనే నీళ్లలో పడ్డాయి తప్ప ఒక్కటీ తగల్లేదు. ఐదు విమానాలు తిరిగి రాలేదు.

కాకినాడ మీదికి విమానాలు పంపిన ర్యుజో అదే ఏడాది ఆగస్టు 24న సాలమన్ దీవుల దగ్గర మునిగింది. ఆనాడు పడి పేలని బాంబు ఒకటి విశాఖ బీచ్ రోడ్డులోని మ్యూజియంలో ఉంది. పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. చూపించేటప్పుడు ఆనియెట్ పేరు కూడా చెప్పండి.