అతుకుల్లో పుట్టిన పక్షులు

లోకంలో లేని పక్షిని చెయ్యాలంటే ఉన్న జీవుల్నే అతకాలి. గరుత్మంతుడికి మనిషి ఒళ్లు, గద్ద ముక్కు. గండభేరుండానికి ఒకే మెడ చాలలేదు. పక్షి ఒంట్లోనే కాదు, దాన్ని చేసే సరుకులోనూ ఈ అతుకులు కనిపిస్తాయి. ఒక్క రాయితోనే సరిపెట్టుకున్న చోట పక్షి కొంచెం బిగుసుకుపోయిందని నాకనిపిస్తుంది.

విదిశ దగ్గర బేస్‌నగర్‌లో గ్రీకు రాయబారి హెలియోడోరస్ క్రీ.పూ. 2వ శతాబ్దంలో గరుడధ్వజం నిలబెట్టాడు. స్తంభం నిలిచింది, మీది గరుడుడు లేడు. శివమొగ్గ జిల్లా బళ్లిగావిలో 1047 నాటి స్తంభం మీద గండభేరుండం ఇప్పటికీ ఉంది. అయితే అది మనిషి ఒంటి మీద రెండు పక్షి తలలు. మరో అయిదు వందల ఏళ్లకు విజయనగర అచ్యుతరాయల నాణేల మీద అదే పూర్తి పక్షి అయింది. చిటికెన వేలి గోరంత బంగారంలో, ముక్కులతోనూ గోళ్లతోనూ ఏనుగుల్ని ఎత్తుకుపోతుంటుంది. మైసూరు ఒడయార్లు దాన్నే రాజచిహ్నం చేసుకున్నారు. ఇవాళ కర్ణాటక ప్రభుత్వ చిహ్నం నడుమ ఉన్నదీ అదే.

అసలు పనితనం కొయ్యా లోహమూ కలిసిన చోట ఉంది. గుడి వాహనాలు చూడండి. వడ్రంగి కొయ్యలో రెక్కలు తీస్తాడు. చిన్న గుళ్లలో వాటికి రంగు వేసి ఊరుకుంటారు. కలిగిన దేవుడైతే పైన ఇత్తడి, వెండి, బంగారు రేకు తొడుగుతారు. రేకు మీద ఈక గీతలు కొట్టేది మళ్లీ వేరే చెయ్యి. బ్రహ్మోత్సవాల్లో అయిదో రాత్రి తిరుమల మాడవీధుల్లో మెరిసే గరుడుడి వెనక ఉన్నది ఈ తొడుగు విద్యే.

టిప్పు సుల్తాన్ సింహాసనానికీ ఇదే పద్ధతి: కొయ్య మీద బంగారు రేకు. దాని గొడుగు కొసన హుమా పక్షి. ఈ హుమా పారశీకుల ఊహ. ఎన్నడూ నేల వాలదట, దాని నీడ పడినవాడు రాజవుతాడట. టిప్పు కంసాలులు దానికి బంగారు ఒళ్లు ఇచ్చి, కెంపులు, పచ్చలు, వజ్రాలు పొదిగి, ముత్యాలు వేలాడదీశారు. ఆంగ్లేయుల్ని ఓడించేదాకా ఆ సింహాసనం ఎక్కనని టిప్పు ఒట్టు పెట్టుకున్నాడని చెబుతారు. 1799 మే 4న శ్రీరంగపట్నం కూలింది. గెలిచినవాళ్లు సింహాసనాన్ని ముక్కలు చేసి పంచుకున్నారు. హుమా మాత్రం మూడో జార్జికి కానుకగా వెళ్లి, ఇప్పుడు బ్రిటన్ రాచ సేకరణలో ఉంది.

నాకు మాత్రం ఈ బంగారం కన్నా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే మేకతోలే గొప్ప. తోలును వెలుతురు దాటేంత పలచగా గీకుతారు. రెండు వైపులా రంగులద్దుతారు. నగలుండాల్సిన చోట ఉలితో చిల్లులు పొడుస్తారు. తెర వెనక దీపం పెట్టగానే ఆ చిల్లులే రత్నాలవుతాయి. తెర మీద జటాయువైనా హనుమంతుడైనా వెలుతురు కూడా ఇక్కడ ఒక సరుకే. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావుకి 2020లో పద్మశ్రీ వచ్చింది. అక్కడివాళ్లు ఇప్పుడు అదే తోలుతో లాంప్‌షేడ్లూ చేస్తున్నారు. కొంటే లోపల బల్బు వెలిగించి, చిల్లుల్లోంచి చూడండి.