శుక్లము ‘పండుట’ అను మాట

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పల్లెలలో వయసు మీరినవారికి చూపు మసకబారినప్పుడు ఒక మాట తరచుగా వినబడును: ‘శుక్లము ఇంకను పండలేదు.’ కాయ చెట్టుననే పండవలెనన్నట్లు, కంటిలోని పొర పూర్తిగా ముదిరినగాని కత్తి ముట్టరాదని పెద్దల నమ్మకము. హైదరాబాదునుండి వచ్చిన కొడుకు తొందరపెట్టినను ముసలమ్మ ‘పండనియ్యి బిడ్డా, చలికాలం రానియ్యి’ అని దాటవేయును. దీనిని మూఢవిశ్వాసమని త్రోసివేయుట సులువే. కాని ఈ మాటకొక చరిత్ర కలదు. అది వైద్యులే ఒకప్పుడు చెప్పిన మాట.

కంటిపాపకు వెనుక ఒక చిన్న కటకము ఉండును. అది పుట్టుకతో గాజువలె స్వచ్ఛముగా నుండి, వయసుతో మబ్బు పట్టును. ఆ మబ్బే శుక్లము. మన ప్రాచీనులు దీనిని లింగనాశమనిరి. సుశ్రుతసంహితలోని ఉత్తరతంత్రమున దీనికి చెప్పిన చికిత్స వెలికితీయుట కాదు, ప్రక్కకు నెట్టుట. యవగింజ మొనవంటి కొనగల శలాకతో కంటిని పొడిచి, మసక పట్టిన దానిని చూపు దారినుండి తొలగించెడివారు. తరువాత రోగిని వెల్లకిల పరుండబెట్టి, త్రేన్పు, దగ్గు, తుమ్ము, ఉమ్మివేయుట కూడదని నియమించిరి. కోతకన్న కోలుకొనుట కష్టమని ఆ గ్రంథకర్త ఎరిగినట్లు ఈ నియమములే చెప్పుచున్నవి.

ఈ పద్ధతి ప్రపంచమంతట చాల శతాబ్దములు సాగినది. నెట్టిన కటకము మరల పైకి తేలుటయు, కంటికి చీము పట్టుటయు సామాన్యము. సంగీతకర్త బాఖ్ 1750లో జాన్ టేలరను సంచార వైద్యునిచేత కంటికి చికిత్స చేయించుకొని, చూపు రాకయే ఆ సంవత్సరమే మరణించెను. అంతకు మూడేండ్ల ముందే, 1747లో, ఫ్రాన్సు దేశమున జాక్ డావియేలు కటకమును వెలికి తీయు మార్గమును కనిపెట్టియుండెను. అయినను కంటికి మత్తుమందు లేదు. కొకెయిను చుక్కలతో కన్ను మొద్దుబారునని వియన్నా నగరపు కార్ల్ కోలర్ లోకమునకు చూపినది 1884లో. అంతవరకు రోగి మెలకువతో, బాధతో, కదలక కూర్చుండవలసినదే. ‘చూపు పోయినను సరే’ అన్నవారిని మనము తప్పుపట్టలేము.

ఇక పండుట సంగతి. ఆ రోజులలో కటకపు లోపలి పదార్థము పూర్తిగా ముదిరిననే శుభ్రముగా వెలికి వచ్చెడిది. పచ్చిగానున్నచో ముక్కలు లోపలనే మిగిలి వాపు కలిగించును. కావున వైద్యుడు ‘ఇంకను ముదరలేదు, మరుసటి యేడు రండి’ అని పంపెడివాడు. తరువాత కటకమును సంచితో సహా తీయు పద్ధతి వచ్చినది. అప్పుడు ముదురుటతో పనిలేకున్నను, మరియొక చిక్కు మిగిలినది. కటకము తీసిన కంటికి దళసరి అద్దములు తప్పవు. అవి వస్తువును దాదాపు నాలుగవ వంతు పెద్దదిగా చూపును. ఒక కంట చూపు బాగుండగా రెండవ కంటికి మాత్రమే ఇట్టి అద్దము పెట్టినచో, ఒకే మనిషి రెండు పరిమాణములలో కనబడును. మెదడు ఆ రెంటిని కలుపలేదు. అందుచేత రెండు కళ్ళును చెడువరకు ఆగుమనుట వైద్యధర్మమే అయినది.

ఆ దళసరి అద్దముల జోడును చూచినవారు మరువరు. ఇరువైపుల ఇసుక సంచులు పెట్టి, రెండు కళ్ళకు కట్టుకట్టి, రోజుల తరబడి పడుకొనబెట్టిన పిమ్మట లభించిన చూపు అది. ఆ మనిషి గడప ఎత్తును తప్పుగా అంచనా వేయును, చెంబునందుకొనబోయి గాలిని పట్టుకొనును. ప్రక్కనుండి వచ్చు బండి కనబడక హఠాత్తుగా ఎదుట ప్రత్యక్షమగును. అద్దములు పగిలిననాడు మరల గ్రుడ్డివాడే. కట్టుకట్టిన ఆ దినములలో రోగికి చెవియే దిక్కు. రేడియోకు అంతకన్న శ్రద్ధగల శ్రోతలు దొరకుట అరుదని మావంటివారు అనుకొనుటలో స్వార్థము లేకపోలేదు.

ఈ కథను మలుపు త్రిప్పినది యుద్ధవిమానము. రెండవ ప్రపంచయుద్ధమున విమానపు పైకప్పు పగిలి, ఆ ప్లాస్టిక్ ముక్కలు వైమానికుల కళ్ళలో దిగినవి. అవి కంటిని చెడగొట్టక మౌనముగా పడియుండుటను లండనులోని హెరాల్డ్ రిడ్లీ గమనించెను. ఆ పదార్థముతోనే కటకము చేయించి, 1949 నవంబరు 29న సెయింట్ థామస్ ఆసుపత్రిలో ఒక రోగి కంటిలో అమర్చెను. తోటి వైద్యులు పెక్కుమంది ఆయనను చాలకాలము ఆక్షేపించిరి. ఆయన వృద్ధాప్యమున తన కళ్ళకు కూడ ఆ ఆసుపత్రిలోనే కృత్రిమ కటకములు పెట్టించుకొనుట చరిత్రలోని చమత్కారము. 1967లో చార్లెస్ కెల్మన్, దంతవైద్యుని శబ్దతరంగ పరికరమును చూచి, శుక్లమును లోపలనే పొడిచేసి పీల్చు విధానమును తెచ్చెను. ఈ రెండును కలిసినందున కోత చిన్నదైనది, కట్టు తగ్గినది, పండువరకు ఆగు అగత్యము తీరినది.

మన దేశమున అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమము 1976లో ఆరంభమైనది. ఆ యేడే మధురలో డాక్టర్ వెంకటస్వామి పదకొండు మంచములతో అరవింద్ కంటి ఆసుపత్రిని తెరచిరి. 1992నుండి అక్కడ తక్కువ ధరకు కటకములు తయారగుచున్నవి. హైదరాబాదులో ‘మిస్సమ్మ’ దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన విరాళముతో, డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు నాయకత్వమున 1987లో కంటి సంస్థ వెలసినది. ఆ సంస్థ తొంభైలలో జరిపిన పరిశీలనలో, పరీక్షింపబడిన వందమందిలో దాదాపు ఇద్దరు అంధులనియు, ఆ అంధత్వములో 44 శాతము శుక్లమువలననే అనియు తేలినది. అనగా తీయదగిన పొరచేతనే సగమునకు చేరువగా అంధత్వము.

మన ప్రాంతమునకు వత్తము. నాగార్జునసాగరము ఎడమ కాలువకు 1967లో నీరు వదలిన తరువాత మిర్యాలగూడ, కోదాడ వైపు వరి పెరిగినది, బియ్యపు మిల్లులు పెరిగినవి. కంటికి మరియొక ముప్పు కూడ అక్కడనే కలదు. వరి ఆకు గీరుకొన్నచో, వడ్లగింజ పొట్టు పడినచో నల్లగ్రుడ్డుపై బూజు పుండగును. మానిన పిమ్మట మిగులు తెల్లని మచ్చనే మనవారు ‘పువ్వు’ అందురు. దీనిని శుక్లముగా పొరబడుట తరచు. శుక్లమునకు కటకము, పువ్వు ముదిరినచో దానముగా వచ్చిన నల్లగ్రుడ్డు కావలెను. ఆకుపసరు పిండుట మాత్రము రెంటికిని చేటే.

సూర్యాపేట, కోదాడలవారికి హైదరాబాదు విజయవాడల నడిమి రహదారియే ఆసుపత్రి దారియైనది. మెహదీపట్నములోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి బస్సెక్కి పోవుట రెండు తరముల అలవాటు. ముసలివారికి తోడు పోవుటకు ఒకరి కూలి పోవును. చలికాలమనుటలోని మర్మము కొంత ఇదియే. కోతలు, కుప్పలు ముగిసిన తరువాతనే తోడు దొరకును. 2018 ఆగస్టు 15న తెలంగాణ ప్రభుత్వము ‘కంటి వెలుగు’ను ప్రారంభించినప్పుడు పరీక్షయే ఊరికి వచ్చినది. తొలి విడతలో కోటిన్నరకు పైగా ప్రజలను పరీక్షించిరి. రెండవ విడత 2023 జనవరి 18న, కోదాడకు పొరుగుననున్న ఖమ్మములో ఆరంభమైనది. పరీక్ష, అద్దములు ఇంటి ముంగిటికి వచ్చినను, కోతకు పట్నము పోవలసినవారికి తోడు చిక్కు తీరలేదని మా అభిప్రాయము.

నేటి కోత కొద్ది నిమిషములది. మరునాడే కట్టు విప్పుదురు. మొదట కనబడునది రంగు. పసుపు పట్టిన కటకము పోగానే తెలుపు తెల్లగా, నీలము నీలముగా కనబడును. గోడకు ఎప్పుడు సున్నము వేసినారని ఇంటివారిని అడుగువారు కలరు. ఆ సంతోషములో చుక్కల మందు మరచుటయే పెద్ద ప్రమాదము. వైద్యుడు వ్రాసిన ప్రకారము కొన్ని వారములు చుక్కలు వేయవలెను. కన్ను నలుపరాదు, బిందె ఎత్తరాదు, తలస్నానమునకు కొన్నాళ్ళు ఓర్చుకొనవలెను. నొప్పి, ఎరుపు, చూపు తగ్గుట కనబడినచో ఆ రోజే పోవలెను. దాదాపు నెల గడచినగాని చదువు అద్దముల సంఖ్య నిలువదు. కొందరికి నెలలో, ఏండ్లో గడచిన పిమ్మట కటకము వెనుకనున్న పలుచని సంచి మసకబారును. శుక్లము మరల వచ్చినదని వారు దిగులుపడుదురు. అది శుక్లము కాదు. లేజరు కిరణముతో ఆ పొరకు రంధ్రము చేయుదురు. దానికి కోతయు లేదు, కట్టును లేదు. ఆ సాయంకాలమే బస్సెక్కి ఇల్లు చేరవచ్చును.