బడిలో తెలుగు లేకున్నా కవిత్వం: సొంతంగా నేర్చుకోవడం, అచ్చుకు పంపడం

మన ఇళ్లలో తెలుగు మాట్లాడేవారు ఎక్కువ, రాయగలిగేవారు తక్కువ. హొసూరులో తమిళం, కోలారులో కన్నడం, బరంపురంలో ఒడియా, షోలాపూరులో మరాఠీ చదువుకుని, పెద్దయ్యాక తెలుగు అక్షరాలు దిద్దుకున్నవారు మనలో ఎందరో ఉన్నారు. తమిళనాడులో తమిళాన్ని తప్పనిసరి చేసిన 2006 చట్టం తర్వాత బడిలో తెలుగు చదివే వీలు ఇంకా తగ్గింది. అయినా కవిత్వం రాసేవారు రాస్తూనే ఉన్నారు. అలాంటివారికి పనికొచ్చే వివరాలను ఇక్కడ ఒకచోట చేర్చాం.

మన చోట్లకు ఇది కొత్త కాదు

ఆంధ్రపత్రిక 1908లో బొంబాయిలో మొదలైంది. ‘భారతి’ 1924లో మద్రాసు నుంచి వెలువడింది. గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడింది నేడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో ఉంటూనే. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి చిన్నతనం యానాంలో గడిచింది. ఆముక్తమాల్యద పుట్టిన విజయనగరం నేటి కర్ణాటకలోని హంపి. ఇక గురువు లేకుండా నేర్చుకున్నవారి విషయానికి వస్తే, తనకు శాస్త్రాలు తెలియవని చెప్పుకుంటూనే మొల్ల రామాయణం రాసింది. కాబట్టి ‘మేము బయటివాళ్లం, చదువుకోనివాళ్లం’ అన్న జంకు అక్కర్లేదు.

ముందు అక్షరం

ఏ లిపిలో చదువుకున్నారో దాన్ని బట్టి తప్పులు వస్తాయి. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం; వత్తక్షరాలు లేవు. అందుకే తమిళంలో చదివినవారు ద, ధ, బ, భ దగ్గర తడబడతారు. మరాఠీ, ఒడియా లిపుల్లో ఎ-ఏ, ఒ-ఓ తేడా చూపరు. ఆ బడుల్లో చదివినవారు దీర్ఘాల దగ్గర జాగ్రత్తపడాలి. కన్నడం చదివినవారికి లిపి దాదాపు చేతికి వచ్చినట్టే. రోజుకు ఒక పేజీ మంచి వచనం చూసి రాయడం అన్నిటికన్నా సులువైన సాధన. అనుమానం వస్తే ఆంధ్రభారతి నిఘంటు శోధనలో పలు నిఘంటువులను ఒకేచోట వెతకవచ్చు.

చదవడానికి ముద్దుకృష్ణ కూర్చిన ‘వైతాళికులు’ (1935) మంచి మొదలు. అందులో ఒక తరం కవులంతా ఒకేచోట దొరుకుతారు. ఆ తర్వాత శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ (1950), ఆపైన నేటి కవులు. కళ్లతో కాదు, పైకి చదవాలి.

ఛందస్సు: ఆటవెలదితో మొదలుపెట్టండి

పద్యం రాయాలనుకునేవారికి వృత్తాల కన్నా ఆటవెలది దగ్గరగా ఉంటుంది. వేమన పద్యాలు విని పెరిగిన చెవికి ఆ నడక ముందే తెలుసు. దీర్ఘం, సున్నా ఉన్న అక్షరం, పొల్లు ఉన్న అక్షరం, ఒత్తు అక్షరానికి ముందున్నది గురువు, మిగిలినవి లఘువులు. సూర్యగణాలు రెండే: మూడు లఘువులు, లేదా గురువు తర్వాత లఘువు. ఇంద్రగణాలు ఆరు: నగ, నల, సల, భ, ర, త. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు వస్తాయి. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో యతి కుదరాలి.

ఉదాహరణకు మేము అల్లిన ఒక పాదం: ‘తల్లి నేర్పినట్టి తనవైన పలుకులే’. దీన్ని తల్లి / నేర్పి / నట్టి / తనవైన / పలుకులే అని విడదీయాలి. మొదటి మూడూ సూర్యగణాలు, తర్వాత సల, నగ. ‘తల్లి’లోని ‘త’కు ‘తనవైన’లోని ‘త’ యతి. ఇలా రోజుకు ఒక పాదం కట్టినా నెలలో చెవి కుదురుతుంది. రాసింది సరిచూసుకోవడానికి ‘ఛందం’ అనే సాఫ్ట్‌వేర్ ఉంది.

ఎన్. గోపి మొదలుపెట్టిన నానీలు నాలుగు పాదాల్లో 20 నుంచి 25 అక్షరాలకు కట్టుబడతాయి. పొదుపు నేర్చుకోవడానికి అవి పనికొస్తాయి. వచన కవితకు గణాలు లేవు గానీ నడక ఉంది. రాసిన కవితను వారం పక్కన పెట్టి, పైకి చదివి, నాలుక తట్టుకున్న చోట దిద్దండి. తీసేసినా అర్థం చెడని మాట ఉంటే తీసేయండి.

మన మాటే మన సొత్తు

పత్రికల తెలుగును అనుకరించబోయి ఇంటి మాటను వదిలేయడం మనవాళ్లు తరచూ చేసే పొరపాటు. బావిలో నీళ్లు తోడే పాత్రకు, పొద్దున తినే చద్దికి, వానకు ముందు వీచే గాలికి మీ అవ్వ వాడే మాట ఏదో రాసిపెట్టుకోండి. పులికాట్ సరస్సు తీరపు తెలుగులో స.వెం. రమేశ్ రాసిన ‘ప్రళయకావేరి కథలు’ను పాఠకులు ఆదరించారు. అర్థం కాదనిపించిన మాటకు కవిత కింద ఒక వరుసలో అర్థం ఇస్తే చాలు. అవ్వతో పోయే మాట అచ్చులో ఉంటే మనవరాలికి అందుతుంది.

పత్రికకు పంపేటప్పుడు

వార్తాపత్రికల సాహిత్య పేజీలు (ఆంధ్రజ్యోతి ‘వివిధ’ వంటివి), సాహిత్య మాసపత్రికలు, 1998లో మొదలైన ‘ఈమాట’, ‘సారంగ’ వంటి అంతర్జాల పత్రికలు కవితలు వేస్తాయి. పంపే ముందు ఆ పత్రిక సంచికలు నాలుగైనా చదవండి. పంపేటప్పుడు ఇవి గుర్తుంచుకోండి:

- కవితను యూనికోడ్‌లో టైపు చేయండి. ఫొటో తీసి పంపవద్దు.
- ఒక కవితను ఒకసారి ఒకే పత్రికకు పంపండి.
- ఇది సొంత రచన అనీ, ఎక్కడా అచ్చు కాలేదనీ, మరెక్కడా పరిశీలనలో లేదనీ హామీ రాయండి.
- ఊరు పేరు తప్పక రాయండి. మన తెలుగు ఎక్కడెక్కడ ఉందో నలుగురికీ తెలుస్తుంది.
- మూడు నెలలు చూసి, జవాబు లేకపోతే వారికి ఒక మాట తెలిపి మరో పత్రికకు పంపండి. జవాబు రాకపోవడం కవిత బాగాలేదన్న తీర్పు కాదు.
- డబ్బు కడితే సంకలనంలో వేస్తాం, ప్రశంసాపత్రం ఇస్తాం అనేవారి దగ్గర జాగ్రత్త. మంచి పత్రిక కవి దగ్గర డబ్బు అడగదు.

పుస్తకం, హక్కులు

పత్రికల్లో పదిహేను, ఇరవై కవితలైనా వచ్చాకే పుస్తకం గురించి ఆలోచించడం మేలు. రాజా రామమోహన్ రాయ్ జాతీయ సంస్థ ఐఎస్‌బీఎన్‌ను ఉచితంగా ఇస్తుంది. మధ్యవర్తికి డబ్బు ఇవ్వనక్కర్లేదు. 1954 చట్టం ప్రకారం ప్రచురించినవారు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, మరికొన్ని గ్రంథాలయాలకు ప్రతులు పంపాలి. వాటిలో చెన్నై కన్నెమరా, ముంబై కేంద్ర గ్రంథాలయం ఉన్నాయి. సొంత ఖర్చుతో వేసుకున్నవారు కూడా పంపాలి. మన ఊళ్ల తెలుగు అక్కడ భద్రంగా ఉంటుంది.

కవిత రాసిన క్షణం నుంచే హక్కు మీది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం నమోదు తప్పనిసరి కాదు. కవి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది.

చివరిగా ఒక మాట. వినేవారు లేకుండా ఒంటరిగా నేర్చుకోవడం కష్టం. మీ ఊళ్లో తెలుగు రాసేవారు ముగ్గురున్నా చాలు. నెలకొకసారి ఒక ఇంట్లో కూర్చుని, రాసింది చదివి, మొహమాటం లేకుండా మాట్లాడుకోండి. బడి ఇవ్వని తెలుగు చదువు అక్కడ మొదలవుతుంది.